మిద్దె మీది పూలు వంటింటికి: తిరుపతి ప్రాజెక్టు డైరీ, 2024 నవంబరు – 2025 మే

ఎండాకాలం తొలి పూలను జడకూ పూజకూ మాత్రమే కాకుండా వంటకు కూడా వాడుకోవాలని మొదలుపెట్టిన పని ఇది. తిరుపతిలో ఒక ఇంటి మిద్దె మీదా, వెనక పెరట్లోనూ జరిగింది. పువ్వు పూయించడం పెద్ద కష్టం కాలేదు. పూసిన పువ్వు చెడకుండా గిన్నెలోకీ జాడీలోకీ చేరేలోపే నష్టమంతా జరిగింది. కోసే పూట గంట తప్పినా, ఆరబెట్టడం ఒక రోజు తక్కువైనా చేతికి చెత్తే మిగులుతుంది. అందుకే ఈ లెక్కల్లో తూకాలు, గంటలు ఎక్కువగా కనిపిస్తాయి.

మొదలుపెట్టేనాటికి ఉన్నవి:

- గుండుమల్లె 10 మొక్కలు, 18 అంగుళాల సంచుల్లో, మూడేళ్ళ వయసు
- పన్నీరు రోజా 4 కుండీలు
- ఎర్ర రెక్కమందారం 3 కుండీలు
- పెరట్లో పీకేఎం-1 రకం మునగ ఒకటి, పాత వేపచెట్టు ఒకటి
- గుమ్మడికి రెండు పెద్ద సంచులు (జనవరిలో విత్తాలి)

వంటకు పోయే పువ్వు మీద పురుగుమందు పడకూడదన్నది మొదటి రోజే పెట్టుకున్న నియమం. బజారులో మూర లెక్కన కొన్న మల్లెలు, దండల్లోంచి తీసిన రోజా రేకులు వంటకు పనికిరావు. వాటి మీద ఏం కొట్టారో, ఎప్పుడు కొట్టారో మనకు తెలియదు. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, అడవినాభి పూలు విషం. ఇంట్లో పిల్లలుంటే "పూలు తినొచ్చు" అనే మాటకు ముందే ఈ ఐదింటినీ చూపించి పెట్టండి.

## దశ 1: మల్లె కత్తిరింపు (నవంబరు 27 – జనవరి 5)

నవంబరు 27. గుండుమల్లెను నవంబరు ఆఖరి వారంలో కత్తిరించాలని సాగు పుస్తకాలు చెబుతాయి. ఆ ప్రకారం 4 మొక్కలను మట్టి నుంచి 45 సెం.మీ. ఎత్తుకు కత్తిరించి, మిగిలిన ఆకంతా దూసేశాము.

డిసెంబరు 1. ఫెంగల్ తుపాను నవంబరు 30న పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఇక్కడా ముసురు పట్టింది. కోసిన కొనలు ఆరకముందే తడిసి ముద్దయ్యాయి.

డిసెంబరు 8. నాలుగింటిలో మూడు మొక్కలకు కొనలు నల్లబడ్డాయి. కొలిస్తే 3 నుంచి 6 సెం.మీ. దాకా ఎండు. వేలితో నొక్కితే బెరడు జారిపోతోంది.

పుస్తకం చెప్పింది తప్పేమీ కాదు, ఆ తేదీ మన ఊరికి కుదరదు. తిరుపతి, చిత్తూరు వైపు ఈశాన్య రుతుపవనాల వాన డిసెంబరు సగం దాకా పడుతూనే ఉంటుంది. కోత గాయం ఆరడానికి కనీసం మూడు పొడి రోజులు కావాలి. క్యాలెండరు కంటే ఆకాశాన్ని చూసి కత్తెర పట్టుకోవడం మేలు.

దిద్దుబాటు ఇలా చేశాము:

1. నల్లబడిన భాగం కింద, పచ్చి బెరడు కనిపించేదాకా మళ్ళీ కోత. కోత ఏటవాలుగా, కణుపు పైన అర అంగుళంలో.
2. ప్రతి మొక్క తర్వాత కత్తెర మొనను స్పిరిటుతో తుడవడం. మొదటిసారి ఇది చేయలేదు, మూడింటికీ తెగులు పాకడానికి ఇదే కారణం అయ్యుంటుంది.
3. కొనలకు బోర్డో పేస్టు (తెగులు ఆపే లేపనం): మైలుతుత్తం 100 గ్రా., సున్నం 100 గ్రా., నీళ్ళు లీటరు. రెండూ వేరువేరుగా ప్లాస్టిక్ డబ్బాల్లో కరిగించి, తుత్తం నీళ్ళను సున్నం నీళ్ళలో పోయాలి. ఇనుప పాత్ర వద్దు. పూతకు ఇంకా రెండున్నర నెలలు ఉంది, పూసేది ఎలాగూ కొత్త కొమ్మ మీదే, కాబట్టి వంటకు ఇబ్బంది లేదు.

డిసెంబరు 23. వాన ఆగి ఐదు రోజులైంది. మిగతా 6 మొక్కలను కత్తిరించాము. తోటల్లో కత్తిరింపుకు ముందు నీళ్ళు ఆపి మొక్కను ఎండగడతారు. సంచిలో ఉన్న మట్టి తక్కువ కాబట్టి అంత ఎండు తట్టుకోదు. నీళ్ళు పూర్తిగా ఆపితే నాలుగో రోజుకే తల వాల్చింది. ఐదు రోజులు సగం నీళ్ళు ఇవ్వడం సరిపోయింది.

డిసెంబరు 26. సంచికి పశువుల ఎరువు 2 కిలోలు, వేపపిండి 200 గ్రా. పైమట్టిని మూడు అంగుళాల లోతు గుల్ల చేసి కలిపాము.

జనవరి 5. డిసెంబరులో కత్తిరించిన ఆరూ చిగురు తొడిగాయి. నవంబరు కోతలో దెబ్బతిన్న మూడింటిలో ఒకటి పూర్తిగా చచ్చింది. ఇక లెక్కలోకి వచ్చేవి 9 మొక్కలు.

*ఇప్పటిదాకా ఖర్చు:* కత్తెర 350, ఎరువు 240, వేపపిండి 5 కిలోలు 200, తుత్తం–సున్నం 90, గ్రాము దాకా తూచే త్రాసు 450. మొత్తం రూ. 1,330. వంటింటికి చేరిన పువ్వు: సున్న.

## దశ 2: పసుపు ఆకు, గుమ్మడి, మునగ (జనవరి – ఫిబ్రవరి)

జనవరి 18. మల్లె కొత్త ఆకు పసుపు పచ్చగా వస్తోంది, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. ముదురాకు బాగుంది. కొత్తాకులో ఈ తీరు కనిపిస్తే అది ఇనుము లోపం. బోరు నీళ్ళు టీడీఎస్ మీటరుతో (నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచేది) చూస్తే 780. సున్నం ఎక్కువున్న నీళ్ళు పోస్తూ పోతే మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. ఇంకో దోసెడు ఎరువు వేసినా లాభం ఉండదు.

చేసింది: అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) లీటరుకు 5 గ్రా., అరచెక్క నిమ్మరసం, సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ. పది రోజుల తేడాతో రెండుసార్లు. నిమ్మరసం లేకుండా కలిపిన మొదటి సీసా గంటలో తుప్పు రంగుకు మారింది. అలా మారిన మందు పని చేయదు, పారబోశాము. ఫిబ్రవరి 10కల్లా కొత్తాకు పచ్చబడింది. మొగ్గ కనిపించాక ఈ పిచికారీ ఆపేయాలి.

ఫిల్టరు మిషను నుంచి బయటికి పోయే నీళ్ళు కుండీలకు పోస్తే పొదుపని చాలామంది అనుకుంటారు. ఆ నీళ్ళలో ఉప్పు ఇంకా ఎక్కువ. మల్లెకు అసలు వద్దు.

జనవరి 26. చిగుళ్ళు ఒక జానెడు వచ్చాయి. 5 మొక్కలకు కొన గిల్లాము, 4 మొక్కలు అలాగే వదిలాము. గిల్లినవి తొమ్మిది రోజులు ఆలస్యంగా మొగ్గ వేశాయి. అయితే కొమ్మకు రెండు, మూడు పక్క రెమ్మలు వచ్చి, ఏప్రిల్‌లో ఒక్కో మొక్క మీద మొగ్గలు దాదాపు ఒకటిన్నర రెట్లు కనిపించాయి. వచ్చే ఏడు అన్నింటికీ గిల్లడమే.

ఫిబ్రవరి 20. జనవరి 5న విత్తిన గుమ్మడికి మొదటి మగపువ్వు. ఆడపువ్వు మార్చి 1న వచ్చింది. వంటకు కోయాల్సింది మగపువ్వే. సన్నని పొడుగు కాడ ఉంటే మగ, పువ్వు కింద చిన్న పిందె ఉంటే ఆడ. ఒక పొరపాటు జరిగింది: మొదటి పది రోజులు మగపూలన్నీ కోసేసి బజ్జీలు వేశాము. ఆడపువ్వు విచ్చిన రోజున పుప్పొడికి మగపువ్వు లేదు. మొదటి రెండు పిందెలు పసుపుబారి రాలిపోయాయి. ఆ తర్వాత రోజుకు రెండు మగపూలు తీగ మీద వదిలి, ఉదయం ఆరు నుంచి ఎనిమిది మధ్య మగపువ్వు రేకులు తీసేసి ఆడపువ్వు మధ్యలో రుద్దడం మొదలయ్యాక మూడు కాయలు నిలిచాయి.

వంటకు: ఆరున్నరకే కోసి, లోపలి పసుపు కేసరం గిల్లి, ఒకసారి విదిలించాలి. లోపల చీమ, చిన్న పెంకుపురుగు ఉంటాయి. శనగపిండి 100 గ్రా., బియ్యప్పిండి 25 గ్రా., కారం, ఉప్పు, వాము. పిండి దోసెపిండి కంటే పలుచగా ఉండాలి. చిక్కగా ఉంటే పువ్వు రుచే తెలియదు. పది గంటలకు కోసిన పువ్వు ముడుచుకుని ఉంటుంది, నూనెలో తెరుచుకోదు, లోపల పచ్చి వాసన మిగులుతుంది.

ఫిబ్రవరి 24. మునగ నిండా పూత. పువ్వు కోస్తే కాయ పోతుందా? తెలుసుకోవడానికి 20 గుత్తులకు దారం కట్టాము. పది గుత్తుల్లో సగం పూలు కోశాము, పది గుత్తులు ముట్టుకోలేదు. ఏప్రిల్ మొదటి వారానికి కోసిన పదింటికి 6 కాయలు, కోయని పదింటికి 8. ముట్టని గుత్తుల్లోనూ నూటికి తొంభై పైగా పూలు వాటంతటవే రాలాయి. అందుకని చేసిన మార్పు: కొమ్మ మీద కోయడం మానేసి, కింద పాత చీర పరిచి తెల్లవారుజామున కొమ్మ మెల్లగా ఊపడం. రోజుకు 80 నుంచి 120 గ్రాములు, కాయకు నష్టం లేదు.

మునగపువ్వు పొడికూరకు కొలత (నలుగురికి):

1. పువ్వు 150 గ్రా. కాడలు తుంచి, ఉప్పు నీళ్ళలో పది నిమిషాలు. చిన్న నల్ల పురుగులు పైకి తేలతాయి. నీళ్ళు ఒంపేసి గుడ్డ మీద ఆరబెట్టాలి.
2. పెసరపప్పు 3 పెద్ద చెంచాలు, అరగంట నానాలి. ఉడకబెట్టొద్దు.
3. తాలింపులో ఆవాలు, ఎండుమిర్చి, వెల్లుల్లి, చిన్న ఉల్లిగడ్డలు. ఆపైన పప్పు, మూత పెట్టి ఐదు నిమిషాలు.
4. పువ్వు ఆఖరున. మూత లేకుండా నాలుగు నిమిషాలు. మూత పెడితే నీరు వదిలి ముద్దవుతుంది.

సంగటిలోకి ఈ కూర చాలా బాగుంటుంది. కోడిగుడ్డు పొరటులో వేసినా మేలే, అయితే పువ్వు పాళ్ళు గుడ్డు కంటే తగ్గాలి.

*ఖర్చు ఈ దశలో:* అన్నభేది 40, వేపనూనె 150, టీడీఎస్ మీటరు 250, గుమ్మడి విత్తనం 30, నీడ వల 600. మొత్తం ఇప్పటిదాకా రూ. 2,400.

## దశ 3: మల్లె మొగ్గలు (మార్చి – ఏప్రిల్)

మార్చి 2. మొదటి మొగ్గలు.

మార్చి 11. కోసిన 250 మొగ్గల్లో 40 ఊదారంగుకు తిరిగాయి. మొదలు ఉబ్బి, విచ్చుకోకుండా ఎండుతున్నాయి. చీల్చి చూస్తే లోపల సన్నని తెల్లటి పురుగులు. ఇది మొగ్గ ఈగ పని. మొగ్గకు కన్నం ఉండి, పక్క మొగ్గలతో గూడు కట్టినట్టు ఉంటే అది మొగ్గ తొలిచే పురుగు. రెండూ వేరు, కానీ వంటకు వాడే మొక్కకు వైద్యం ఒకటే: మందు లేకుండా గెలవాలి.

1. ఊదా మొగ్గ ఒక్కటి కూడా మొక్క మీద ఉంచొద్దు. కోసి, మూత ఉన్న డబ్బాలో సబ్బు నీళ్ళలో వేయాలి. కుండీలోనే పారేస్తే పురుగు మట్టిలోకి దిగి మళ్ళీ ఈగై లేస్తుంది.
2. పైమట్టిని వారానికోసారి రెండు అంగుళాలు కదిలించి, వేపపిండి గుప్పెడు.
3. వేపనూనె లీటరుకు 5 మి.లీ., కొద్దిగా సబ్బు ద్రావణంతో, మొగ్గ కోత అయిన వెంటనే. ఆ తర్వాత మూడు రోజుల మొగ్గలు వంటకు వాడలేదు. వేపనూనె వాసన మల్లె వాసనను మింగేస్తుంది.

రెండు వారాల్లో ఊదా మొగ్గలు రోజుకు ఒకటి, రెండుకు తగ్గాయి.

ఏప్రిల్ 3. ఆకు అడుగున ఎర్రనల్లి. పైపు నీళ్ళు గట్టిగా ఆకు అడుగుకు కొట్టడం, మూడు రోజులకోసారి, ఉదయం. వేడి పెరిగేకొద్దీ నల్లి పెరుగుతుంది కాబట్టి నీడ వల పడమటి వైపు దించాము.

మొగ్గల లెక్క, వారం వారం: మార్చిలో 60, 210, 480, 650. ఏప్రిల్‌లో 820, 760, 540, 310. మొత్తం 3,830. నూరు మొగ్గలు సగటున 23 గ్రాములు తూగాయి, అంటే అన్నీ కలిపి 880 గ్రాముల చిల్లర.

కోసే పూట గురించి గట్టిగా చెప్పాలి. సాయంత్రం నాలుగున్నర, ఐదు మధ్య, నిండుగా ఉబ్బి పాలతెలుపుకు వచ్చిన మొగ్గ మాత్రమే. ఆకుపచ్చ ఛాయ మిగిలిన మొగ్గ విచ్చుకోదు. మల్లె తన వాసనను విచ్చుకునే వేళలోనే వదులుతుంది, అది రాత్రి ఏడు నుంచి తొమ్మిది. ఆ రెండు గంటలూ పువ్వు మీ కుండలోనో డబ్బాలోనో ఉండాలి. తెల్లారి కోసిన విచ్చిన పువ్వుతో ఎన్ని ప్రయోగాలు చేసినా సగం వాసన కూడా పట్టలేదు.

మల్లె నీళ్ళు. మొదటిసారి రెండు లీటర్ల కుండలో 60 మొగ్గలు వేసి రాత్రంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా వదిలాము. పువ్వు గోధుమరంగుకు తిరిగి, నీళ్ళు చేదెక్కి జిగురు పట్టాయి. చివరికి కుదిరిన కొలత: లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకు 12 మొగ్గలు, రాత్రి ఏడుకు వేసి తెల్లారి ఐదుకు తీసేయాలి. నీళ్ళు ఆ మధ్యాహ్నం లోపే తాగేయాలి. కాడ దగ్గరి ఆకుపచ్చ తొడిమ గిల్లి వేస్తే చేదు ఉండదు.

మల్లె చక్కెర. చక్కెర 200 గ్రా. గాజు సీసాలో, పైన పలుచని గుడ్డ మూటలో 25 మొగ్గలు. చక్కెరను మొగ్గ తాకకూడదు. తాకితే తేమకు గడ్డ కడుతుంది, ఒక సీసా అలాగే పోయింది. తెల్లారి పాత పూలు తీసి, సాయంత్రం కొత్తవి. మూడు రాత్రులకు వాసన నిలిచింది. పాయసంలో స్టవ్ ఆపాక ఒక చెంచా కలిపితే చాలు, ఉడికిస్తే ఎగిరిపోతుంది. నువ్వుల మధ్య మల్లెలు పేర్చి, ఆ నువ్వుల నుంచి వాసన నూనె తీసే పాత పద్ధతి కూడా ఇదే సూత్రం. పొడి పదార్థం వాసనను పట్టుకుంటుంది, తడిస్తే పాడవుతుంది.

తిరుమలలో భక్తులు పూలు పెట్టుకోరు, కొండ మీది పువ్వంతా స్వామిదే. ఇంట్లోవాళ్ళు కొండకు పోయే రోజుల్లో మల్లె కోత మొత్తం కుండకూ సీసాకూ చేరింది. మూడు రాత్రుల చక్కెరకు ఆ రోజులే కలిసొచ్చాయి.

## దశ 4: వేపపువ్వు (మార్చి 12 – ఏప్రిల్ 6)

ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే ఎక్కువ నేర్పింది వేపచెట్టే.

ముందు చెట్టును చూసుకోవాలి. 2021లో తెలుగు రాష్ట్రాల్లో వేపచెట్ల కొనలు మాడిపోయిన తెగులు గుర్తుండే ఉంటుంది. కొనలు నల్లబడి వేలాడుతున్న చెట్టు పువ్వు వద్దు. రోడ్డు పక్క చెట్టు కూడా వద్దు, పువ్వు జిగటకు దుమ్ము అతుక్కుంటుంది, కడిగినా పోదు.

సేకరణ. రాత్రి తొమ్మిదికి చెట్టు కింద రెండు పాత నూలు దుప్పట్లు పరచడం, తెల్లారి ఐదున్నరకు ఎత్తడం. ఏడు దాటితే గాలి లేస్తుంది, చీమలు చేరతాయి, ఎండు పుల్లలు ఎక్కువవుతాయి. చెట్టెక్కి రెమ్మలు కోసిన ఒక రోజు పువ్వులో కాడలే సగం తూకం. కాడ చేదు పువ్వు చేదు కంటే మొరటు. రాలిన పువ్వే మేలు.

శుభ్రం. అరచేతుల మధ్య మెల్లగా నలిపి, చేటలో చెరిగితే పుల్లలు వెనక్కి, రేకులు ముందుకు వస్తాయి. తర్వాత పెద్ద కన్నాల జల్లెడ. గుడ్డ మీద రాలిన దాన్ని కడగలేదు. కడిగితే తేనె వాసన పోయి, ఆరడానికి ఇంకో రోజున్నర పడుతుంది.

తొమ్మిది ఉదయాల్లో శుభ్రం చేశాక వచ్చింది 2,600 గ్రాములు. దాని కథ:

మొదటి వంతు, 500 గ్రా. మిద్దె మీద నేరు ఎండలో ఆరబెట్టాము. సాయంత్రానికే ఎండింది, కానీ గోధుమరంగు, గడ్డి వాసన. చారులో వేస్తే చేదు తప్ప ఏమీ లేదు. మొత్తం పారేశాము.

రెండో వంతు, 500 గ్రా. గదిలో ఫ్యాను కింద రెండు రోజులు. పట్టుకుంటే గలగలమంది, ఎండిందనుకుని సీసాలో పోశాము. మర్నాడు సీసా లోపలి అంచున సన్నని ఆవిరి. దాన్ని పట్టించుకోకపోవడమే తప్పు. ఆరో రోజుకు తెల్లటి బూజు. ఆవిరి కనిపించిన వెంటనే గుడ్డ మీద పరిచి ఉంటే బతికేది.

ఇక చెవి, చేయి నమ్మడం మానేసి త్రాసు నమ్మాము. 300 గ్రాములు విడిగా ఆరబెట్టి రోజూ ఉదయం తూచితే:

- 0వ రోజు: 300
- 1వ రోజు: 158
- 2వ రోజు: 88
- 3వ రోజు: 65
- 4వ రోజు: 62
- 5వ రోజు: 62

వరసగా రెండు రోజులు తూకం మారకపోతే ఎండినట్టు. రెండో రోజు 88 దగ్గర గలగలమన్నా ఇంకా 26 గ్రాముల నీరు లోపల ఉంది. బూజు పట్టింది ఆ నీటికే.

మూడు, నాలుగు వంతులు, 1,540 గ్రా. (రోజూ తూచిన 300 కూడా ఇందులోదే). నీడలో, నూలు గుడ్డ మీద ఒక్క పొరగా, ఫ్యాను కింద నాలుగు రోజులు. 316 గ్రాముల ఎండు పువ్వు, లేత పసుపు రంగు, తేనె వాసన మిగిలింది. మిగతా 60 గ్రాములు పచ్చిగా ఉగాదికి వాడాము.

*ఖర్చు:* గాజు జాడీలు 360, కోతుల కోసం నైలాను వల 500 (శేషాచలం కొండ పక్క ఇళ్ళకు ఇది తప్పదు, మందారం మొగ్గ మునగపూత రెండూ వాటికి ఇష్టం). మొత్తం ఇప్పటిదాకా రూ. 3,260.

మార్చి 30, ఉగాది పచ్చడి. లీటరు పచ్చడికి తేలిన కొలత: కొత్త చింతపండు 60 గ్రా., బెల్లం 150 గ్రా., పుల్లటి మామిడికాయ ఒకటి (తొక్కుతోనే సన్నని ముక్కలు), ఉప్పు చిన్న చెంచా, పచ్చిమిర్చి ఒకటి, పచ్చి వేపపువ్వు రేకులు రెండు పెద్ద చెంచాలు. తెల్లారే కలిపి పెట్టిన మొదటి గిన్నె పూజ అయ్యేసరికి అంతా చేదెక్కింది. రెండో గిన్నెలో రేకులు వడ్డించే ముందు కలిపాము. అప్పుడు ఆరు రుచులూ వేరువేరుగా నాలుకకు తెలిశాయి. ఇత్తడి గిన్నె వద్దు, మట్టి కుండ లేదా స్టీలు.

2026లో ఉగాది మార్చి 19నే. అప్పటికి చాలా చెట్లు సగమే పూస్తాయి. అందుకే ఈ ఏడు ఎండు పువ్వు కొంచెం పక్కన పెట్టాలి. వాడే రోజు నేతిలో వేయించకుండా, చెంచా గోరువెచ్చని నీళ్ళు చిలకరించి పావుగంట ఉంచితే పచ్చి రేకుల్లా మెత్తబడుతుంది. కొలత పచ్చిదానిలో పావు వంతు.

వేపపువ్వు చారు (750 మి.లీ.):

1. నిమ్మకాయంత చింతపండు పులుసు, ఉప్పు, పసుపు, ఒక చెంచా కందిపప్పు కట్టు. పచ్చి వాసన పోయేదాకా కాచాలి.
2. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు తాలింపు.
3. విడిగా చిన్న గరిటెలో నెయ్యి, ఎండు పువ్వు 4 గ్రా. (రెండు పెద్ద చెంచాలు). సన్న సెగ మీద కాఫీ గింజ రంగు వచ్చేదాకా. నలుపు వస్తే మాడు రుచి, లేతగా దించితే పచ్చి చేదు.
4. స్టవ్ ఆపాకే చారులో వేయాలి. వేసిన తర్వాత ఒక్క పొంగు వచ్చినా చేదు మొత్తం దిగుతుంది. మళ్ళీ వేడి చేయాల్సి వస్తే పువ్వు వడకట్టి తీసేయండి.

ఇలా ఆరుసార్లు, 24 గ్రాములు. వేపపువ్వు పొడికి ఇంకో 25 గ్రాములు: మినప్పప్పు 3 పెద్ద చెంచాలు, ఎండుమిర్చి 8, కొద్దిగా చింతపండు, ఉప్పు. పువ్వును అన్నిటికంటే చివర, స్టవ్ ఆపిన బాణలి వేడికే వేయించాలి.

## దశ 5: పన్నీరు రోజా గుల్కందు, మందారం షర్బతు

ఫిబ్రవరి 28, మొదటి గుల్కందు. రేకులు 150 గ్రా., కలకండ పొడి 150 గ్రా. నాలుగు కుండీల పూలు చాలక, వారం రోజుల రేకులు ఫ్రిజ్‌లో దాచి, ఒకేసారి కడిగి, గుడ్డతో అద్ది వేశాము. ఐదో రోజు బుడగలు, పుల్లటి వాసన. రెండు తప్పులు: రేకుల మీద తడి, ఫ్రిజ్‌లో నలిగిన రేకు.

మార్చి 8, రెండోసారి. ఏ రోజు పువ్వు ఆ రోజే. ఉదయం ఏడు లోపు కోసి, రేకు మొదట్లోని తెల్లటి భాగం గిల్లేసి, ఫ్యాను కింద మూడు గంటలు. రేకు వాడి, తడి తగలకుండా ఉండాలి. తూచి, దానికి ఒకటింపావు వంతు కలకండతో పొరలు పొరలుగా జాడీలో. పన్నెండు రోజుల్లో రేకులు 240 గ్రా., కలకండ 300 గ్రా. జాడీకి పలుచని గుడ్డ కట్టి రోజూ నాలుగు గంటల ఎండ, పొడి చెంచాతో కలపడం. 24 రోజులకు రేకు ముదురు రంగుకు తిరిగి పాకం పట్టింది. తూకం 490 గ్రాములు. బుడగ రాలేదు. ఖర్చు రూ. 110, మొత్తం రూ. 3,370.

మందారం. పిండినల్లి పట్టిన కొమ్మలను పాత పళ్ళబ్రష్షుతో సబ్బు నీళ్ళు రుద్ది కడగడమే, పెద్ద కష్టం లేదు. షర్బతుకు 10 పూల రేకులు, అర లీటరు మరిగిన నీళ్ళు, పది నిమిషాలు. నీళ్ళు ఊదాగా దిగుతాయి, నిమ్మరసం పడగానే ఎర్రబడతాయి. రేకులోని ఆంథోసయనిన్ అనే రంగు పులుపుకు అలా మారుతుంది. అల్యూమినియం గిన్నెలో కాస్తే బురద రంగు వచ్చింది. స్టీలు, గాజు మాత్రమే. మందారం ఒక్క రోజు పువ్వు, సాయంత్రం కోసిన దాంతో రంగు సగమే.

## మే 4, జాడీల తనిఖీ

- మల్లె: కొత్త మొగ్గలు తగ్గాయి. ఎండిన పూగుత్తులు గిల్లేసి, సంచికి కిలో ఎరువు. నీళ్ళు రెండు పూటలా.
- మల్లె చక్కెర: రెండు సీసాలు, 340 గ్రా. వాసన మొదటి వారం కంటే తగ్గింది. నెల దాటి ఉంచేటట్టు లేదు.
- గుల్కందు: 310 గ్రా. మిగిలింది, పాకం తేటగా ఉంది.
- వేపపువ్వు: 316లో 49 వాడకం పోగా 267 గ్రా. తూచితే అంతే ఉంది, సీసా అంచున ఆవిరి లేదు. అందులో 15 గ్రాములు చిన్న సీసాలో పోసి, "ఉగాది, మార్చి 19" అని చీటీ అంటించి, బియ్యం డబ్బా వెనక నీడలో పెట్టాము.